టోక్యోకు దగ్గరి దారి

తిరువూరు బస్టాండు ఎదుట దర్జీ దుకాణంలో ఆ సాయంత్రం భూగోళశాస్త్రానికీ టేపుకూ మహాసంగ్రామం జరిగింది. బడి గ్లోబు రణరంగం. పందెం కాసుకున్న మాస్టారూ, ఆయన ఒకనాడు ఎనిమిదో తరగతి తప్పించిన దర్జీ యోధులు.

"న్యూయార్కు నుంచి టోక్యోకి అలాస్కా మంచు మీదుగా దగ్గరా? పటం మీద స్కేలు పెట్టి గీశానురా! కాలిఫోర్నియా మీదుగానే తిన్నని దారి."

"పటం బల్లమీద పరిచిన గుడ్డండి. భూమి తమరి పొట్టలాంటిది."

"ఏంట్రా కూశావు?"

"బల్లమీద తిన్నగా గీసిన గీత తమరు లాల్చీ తొడిగాక తిన్నగా ఉండదండి. ఇరవయ్యేళ్లుగా కుడుతున్నాను. టేపు ఆ కొస పట్టుకోండి. కాలిఫోర్నియా మీదుగా ఎంత?"

"దాదాపు పన్నెండంగుళాలు."

"అలాస్కా మీదుగా?"

"పది... మళ్లీ కొలువు."

"మూడుసార్లు కొలిచామండి. ఆ రెండంగుళాలూ విమానానికి రెండు గంటల ప్రయాణం. మరి పందెం?"

"మాట తప్పను. రేపు రెండో పీరియడులో, నిన్ను తప్పించిన ఆ ఎనిమిదో తరగతికే, నా కుర్చీ పక్కన నిలబడి పాఠం చెబుదువుగాని."

"నిలబడే చెబుతానండి. టేపు నేను తెస్తాను, పొట్ట తమరు తీసుకురండి."