ఇస్నాపూర్ సిగ్నల్ కాడ సదివిన నవల

"నమ్మేటోళ్లు కూసోండ్రి, నమ్మనోళ్లు చాయ్ తాగి లేసి పోండ్రి. సంగప్ప ఎవ్వని గదువ వట్టుకొని బతిమాలి కత జెప్పడు."

సంగప్ప ఇట్లా మొదలుపెట్టాడంటే నర్సింహమ్మ కొట్టులో ఇంకో గిన్నె పాలు పొయ్యి మీదికి ఎక్కాల్సిందే. పటాన్‌చెరులో మా మందుల ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగానే ఆ చాయ్ కొట్టు. సంగప్ప ప్యాకింగ్ సెక్షన్‌లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. డబ్బాలకు ప్లాస్టిక్ సీలు వేసి, లేబులు అంటించి, దాని మీద తేదీ, షిఫ్టు, తన పేరు రాయడం ఆయన పని. ఆ సీళ్లను తిప్పి తిప్పి చూసి సంతకం పెట్టే చెకింగ్ పని హైమావతిది. ఆ శనివారం షిఫ్టు దిగాక ఆయన్ని కదిపింది ఆమే.

"సంగప్పన్నా, నా నవల ఇయ్యి. మూడు వారాల సంది అడుగుతున్న. దాన్ని సినిమా తీసిండ్రు గద, రేపు మ్యాట్నీకి పోతున్నం. పోకముందు ఒక్కసారన్న సదవాలె."

"ఒకసారి సదివినవు గద చెల్లె, మళ్ల ఎందుకు?"

"మా అమ్మ నాకు సదివి ఇనిపిచ్చిన పుస్తకం అది. పడవ నడిపే చంద్రవ్వ అంటే నాకు మా అమ్మ ముఖమే కనపడ్తది. అమ్మ పోయి రెండేండ్లాయె. రేపు తెర మీద ఎవరో హీరోయిన్‌ను సూసినంక నా అమ్మ ముఖం పోతదేమోనని బయమైతున్నది. అందుకే ముందుగాల సదువుకోవాలె."

సంగప్ప తన టిఫిన్ సంచి మీద చెయ్యేసి తట్టాడు. "పుస్తకం ఈడనే ఉన్నది, బద్రంగ. దుమ్ము వడకుండ సీలేసి తెచ్చిన. ఇస్త. గని ముందుగాల రావు సార్‌తోని నా లొల్లి తెగాలె."

వెంకటేశ్వరరావుగారు కోస్తా నుంచి వచ్చి, ఇక్కడి సర్కారు కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. "నేనన్నది ఒకటేనండి సంగప్పగారూ. ముందు సినిమా చూసేస్తే తర్వాత పుస్తకం సులువుగా ఎక్కుద్ది అన్నాను."

"ఎవ్వడో నమిలిన బుక్క మనం మింగుడేంది సార్? నాకు పండ్లున్నయ్. పుస్తకం సదవకుండ సినిమా సూసెటోడు నా దిక్కు మొఖం గూడ తిప్పద్దు. ఇనుండ్రి. నాలుగో తారీఖునాడు హైమ పుస్తకం ఇచ్చింది. అయిదునాడు పొద్దుగాల పోతిరెడ్డిపల్లి కాడ బస్సెక్కిన, కిటికీ పొంటి సీటు దొరికింది, తెరిసిన. కంది వచ్చేసరికి నలభై పేజీలు. గిది పెద్ద ముచ్చటేం గాదు, ఎవ్వడన్న సదువుతడు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఇస్నాపూర్ కాడ లాల్ బత్తి వడ్డది. మిగిలినయి మున్నూట డెబ్బై రెండు పేజీలు. లైటు పచ్చగయ్యేలోపల మొత్తం ఖతం."

"ఆ సిగ్నలు నిమిషమున్నరే కదండీ."

"సిగ్నలు గూడ సదువుకుంట నిలవడ్డది సార్. ట్రాఫిక్ పోలీసాయన కిటికీ కాడికొచ్చి, 'సంగప్పా, గా ఆఖరి పేజీ జెర జల్దీ తిప్పు, ఎనక జహీరాబాద్ దాక బండ్లాగినయ్' అన్నడు. 'మరి చంద్రవ్వ పడవ ఒడ్డుకు వచ్చిందా?' అని ఆయనే అడిగిండు. వచ్చిందన్న. అప్పుడు ఊదిండు సీటీ."

నర్సింహమ్మ చాయ్ వడబోస్తూ, "గా పోలీసాయన పేరేంది?" అంది.

"డ్యూటీల ఉన్నోళ్ల పేర్లు చెప్పద్దక్కా. ఇగ కంపెనీకి వచ్చిన. ఒక్కసారి సదివితే మనసు నిండదాయె. ఎడమ చేత్తోని పుస్తకం, కుడి చేత్తోని సీలు మిషను. నాలుగు వేల డబ్బాలు కొట్టిన, నవల మూడుసార్లు అయిపోయింది. ఒక్క సీలన్న వంకర వోయిందా? ఒక్క తేదన్న తప్పు వడ్డదా? పోయిన నెల గా కొత్త సూపర్‌వైజర్ ఏమన్నడు? సీలు ఇప్పి మళ్ల ఏసిన పెట్టెలకు పాత తేదే ఉండనియ్యి అన్నడు. నేనేమన్న? ఏ దినం సీలేస్తే ఆ దినం తేదే రాస్త, కావాల్నంటే నా చెయ్యి నరుకు అన్న."

ఆ ఒక్క మాట మాత్రం నిజం. మేమంతా అక్కడే ఉన్నాం. రెండు రోజులు పని లేకుండా బయట కూర్చోబెట్టినా ఆయన తేదీ మార్చలేదు.

"అన్నా, పొద్దు గూకుతున్నది," అంది హైమావతి.

"అయిపోవచ్చింది. నిన్న మొదటి ఆటకు సంగారెడ్డి పోయిన. హాలు నిండ జనం. నేను పెదవులు కదుపుకుంట కూసున్న, ఎందుకంటే నవల మొత్తం నాకు కంఠతా. ఇంటర్వెల్ అయినంక ఏం జేసిండ్రు? పదిహేడో భాగం ఎగవెట్టిండ్రు. చంద్రవ్వ మొగడు వరదల వోయేది, గదే లేదు. నా నెత్తురు మసిలింది. లేసి నిలవడ్డ. 'ఆపుండ్రి' అన్న. సినిమా ఆగింది. ఆరునూర్ల మంది నా దిక్కు తిరిగిండ్రు. పదిహేడో భాగం కామా ఫుల్‌స్టాప్‌లతోని జెప్పిన. జనం ఏడ్సిన ఏడుపుకు ముందు వరుసల చెప్పులు తేలినయ్."

"చెప్పులు తేలాయా?"

"నావి గూడ తేలినయ్ సార్, గివి కొత్తయి. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? తెర మీద పడవల నిలవడ్డ హీరోయిన్ తెడ్డు పక్కకు వెట్టి, నా దిక్కు సూసి, 'అన్నా, ఇప్పుడు నేను ఏ దిక్కు పోవాలె?' అన్నది. 'బిడ్డా, నవలల ఎడమ ఒడ్డుకు పోయినవు, ఎడమకే తిప్పు' అన్న. తిప్పింది. కత పుస్తకంల ఎట్లున్నదో గట్లనే అయిపోయింది. పొద్దుగాల డైరెక్టర్ ఫోను. 'సంగప్పన్నా, ఇగ నువ్వు సదవని పుస్తకం నేను ముట్ట' అన్నడు. ఇప్పుడు జెప్పుండ్రి, పుస్తకం ముందా, సినిమా ముందా? ఎవ్వనికి దమ్ముంటే వాడు కాదను."

హైమావతి చెయ్యి చాపింది. సంగప్ప సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చాడు. గాలి కూడా దూరకుండా బిగించిన సీలు, మూలన తెల్ల లేబులు. పదేళ్ల అలవాటు కొద్దీ ఆమె అట్ట చూడలేదు, ముందు లేబులు చూసింది.

"నాలుగో తారీఖు, ఎ షిఫ్టు, సంగప్ప," అని చదివింది. "నేనిచ్చిన నాడే సీలేసినవు. మరి అయిదునాడు బస్సుల ఎట్ల తెరిసినవన్నా?"

రావుగారికే జాలేసింది. "చదివాక మళ్లీ వేసుంటాడేమోనమ్మా."

"మళ్ల ఏస్తే ఆ దినం తేదుండాలె సార్. ఇప్పుడే గద జెప్పిండు. తేదన్న అబద్ధం కావాలె, కతన్న అబద్ధం కావాలె. ఏది అబద్ధమో నువ్వే జెప్పన్నా."

తేదీ తప్పు పడిందని ఒక్క మాట అంటే చాలు, సిగ్నలు దగ్గర్నుంచి డైరెక్టర్ ఫోను దాకా కథంతా నిలబడుతుంది. సంగప్ప మీసం మీద చెయ్యేసి, ఆ లేబులు వైపు చూశాడు.

"తేది కరెక్టే," అన్నాడు. తర్వాత మెడ నిక్కించి మా అందరి వైపూ చూశాడు. "ఏంది సూస్తున్నరు? నోరన్నంక ఎంతన్న ఒర్లుతది. లేబులు మీద సంగప్ప అబద్ధం రాయడు."

"అయితే సినిమా సూసుడు గూడ అబద్ధమేనా?" అంది హైమావతి.

"సినిమా సూసిన. పుస్తకం తెరవకుండనే సూసిన. పదిహేడో భాగం గూడ నువ్వు జెప్తే ఇన్నదే." గొంతు తగ్గింది. "సినిమా సూసినంక సీలు ఇప్పుదామని పుస్తకం తీసిన. చంద్రవ్వ అనంగనే గా హీరోయినే వచ్చి నిలవడుతున్నది. ఇగ సదవబుద్ధి గాలె."

ఆమె గోరుతో సీలు చీల్చింది. లేబులున్న ముక్కను మాత్రం జాగ్రత్తగా చించి పుస్తకంలో పెట్టుకుంది.

"ఈడ నిలవడి ఏం సూస్తవు?" అని కసిరాడు సంగప్ప. "రేపు మ్యాట్నీ దాకనే టైమున్నది. ఇంటికి వోయి సదువు. మీ అమ్మ జాగల గా హీరోయిన్‌ను కూసోనియ్యకు."