కొట్టువాడి జవాబు

విదేశీ భాష తరగతి అయిపోయింది. బల్ల మీద అట్టముక్కలతో చేసిన రొట్టెలు, ఉత్తుత్తి త్రాసు. పంతులమ్మ, ముసలి టైలరు మిగిలారు.

"రేపు రైలు టిక్కెట్టు పాఠం, బాబాయ్‌గారూ. కౌంటర్లో మీరే కూర్చోవాలి."

"టిక్కెట్టు నాకెందుకమ్మా? 'నీకేం కాదు, నయమైపోతుంది'. ఆ భాషలో ఆ ఒక్క ముక్క నేర్పు, చాలు."

"అది ఆస్పత్రి పాఠంలో వస్తుంది. ఇంకా ఆరు వారాలు..."

"ఆరు వారాలెక్కడివి! డాక్టరు రెండే అన్నాడు."

"పిన్నిగారికి తెలుసా?"

"తెలియనివ్వకూడదనేగా నా తాపత్రయం! మా ఆవిడ మెదడులో గడ్డ మన భాషనంతా ఊడ్చేసింది. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో విదేశీ లైన్లు కలిపింది కదా, ఆ భాషొక్కటే మిగిలింది. నాతో నలభై ఏళ్లు పోట్లాడిన భాష పోయింది."

"మరి ఇద్దరూ ఎలా మాట్లాడుకుంటున్నారు?"

"తనేదో అడుగుతుంది. నేను కొట్టువాడి జవాబు చెబుతా."

"ఏ జవాబు?"

"అదే, మొదటి పాఠం. కొనేవాళ్లు ఏమడిగినా, 'అవునండీ, తప్పకుండా, సంతోషంగా!' అర్థం కాకపోయినా మొహం వేలాడెయ్యొద్దు, కళ్లలోకి చూసి నవ్వమన్నావుగా!"

"అన్నాను... రొట్టెలమ్మడానికి అన్నాను."

"పనిచేసిందమ్మా. ఎనిమిది రోజులు ఒకటే మాట అడిగింది. నర్సుల్ని, డాక్టర్ని, మా అబ్బాయిని. వాళ్లెవరికీ ఆ భాష రాదు. భుజం తట్టేసి పోయేవాళ్లు. అడిగినప్పుడల్లా జవాబిచ్చింది నేనే. ఇదుగో, మన అక్షరాల్లో రాసుకొచ్చా. చూడు."

"ఇదా... ఇదేనా ఆవిడ అడిగింది?"

"ఏం? తప్పు రాశానా?"

"లేదు. బాగా రాశారు."

"అర్థం?"

"నా క్లాసులో అర్థాలు చెప్పనని తెలుసుగా. నటించి చూపించడమే."

"అయితే నటించు. నువ్వు మా ఆవిడవి. ఊఁ, అడుగు."

"వద్దు బాబాయ్‌గారూ."

"వద్దేంటి? రొట్టెలు కొనమంటే కొన్నానా, త్రాసు పట్టమంటే పట్టానా? అడుగమ్మా!"

"మన భాషలోనే అడుగుతాను, ఈ ఒక్కసారికీ."

"అడుగు."

"'నేను చచ్చిపోతున్నానా?'"

"ఏంటీ? ఇదా తను అడిగింది!"

"కూర్చోండి. మంచినీళ్లు తెస్తా..."

"నవ్వుతూ చెప్పానే! చెయ్యి పట్టుకుని మరీ. ఎనిమిది రోజులు! తప్పకుండా అని. సంతోషంగా అని!"

"మీకు తెలీదు కదా."

"నాకు తెలీదని తనకి తెలీదుగా!"

"కాగితం నలిపెయ్యకండి. వెనకవైపు ఇంకేదో ఉంది. ఇదెప్పటిది?"

"పొద్దుటిది. ఇవాళ ఆ ప్రశ్న అడగలేదు. నా చొక్కా గుండీ సర్దుతూ ఇదన్నది. సైగచేసి మూడుసార్లు చెప్పించుకుని రాసుకున్నా. తిట్టే అయ్యుంటుంది. చించెయ్."

"తిట్టు కాదు."

"నటించకు. చెప్పు."

"'అందరూ మొహం చాటేశారు. మీరొక్కరే నా కళ్లలోకి చూసి నిజం చెప్పారు.'"