లిఫ్టాయన నడుము కొలత

రిటైరై నాలుగేళ్లయినా లిఫ్టాయన తను పనిచేసిన ఆ పెద్ద ఆఫీసు ఎదుటి టీ కొట్టు వదల్లేదు. మాటలు కోటలు దాటే మనిషి, వినేవాళ్లు కావాలి. ఆ సాయంత్రం దర్జీ దొరికాడు. చూపు మందగించి దుకాణం అమ్మేశాడు దర్జీ. ఆ డబ్బే ఇక ఆలుమగలిద్దరికీ చివరిదాకా తిండి. బ్యాంకులో ఉంచాలా, షేర్లలో పెట్టాలా అని నెల్లాళ్లుగా తెగ నలిగిపోతున్నాడు.

అడగడమే ఆలస్యం.

"ముప్ఫై ఏళ్లు లిఫ్టు నడిపినవాణ్ణి తమ్ముడూ, ఎక్కడం దిగడం నాకొకరు చెప్పాలా? మొదటిసారి మార్కెట్టు పడేముందు నా మోకాలు సలిపింది. పొద్దున్నే అన్నీ అమ్మేశాను, మధ్యాహ్నానికల్లా ఊరంతా గొల్లుమంది, నేను మాత్రం ఇదే బల్ల మీద టీ తాగుతున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంకో టీ అడిగావు," అన్నాడు కొట్టాయన.

"నువ్వుండవోయ్. రెండోసారి, పై అంతస్తు పెద్దాయన లేడూ, కారు దిగి సరాసరి నా దగ్గరికొచ్చి 'అన్నా, మోకాలెలా ఉంది?' అన్నాడు. కాస్త సలుపుతోందండీ అన్నానో లేదో, ఫోను తీసి అమ్మెయ్ అన్నాడు, అది విని పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు... నిజం చెప్పొద్దూ, ఆసారి పడింది నా మోకాలి వల్లే. పాపం జనం ఏమైపోతారని నేనే నూనె రాసుకున్నాను. సాయంత్రానికి లేచి కూర్చుంది."

"మోకాలా?" అన్నాడు దర్జీ.

"మార్కెట్టు. ఇక మొన్నటిసారి, పదో అంతస్తు నుంచి జారినట్టు జారుతోంది. ఒళ్లు మండి, టీవీ ముందు నిలబడి, లిఫ్టు మీట నొక్కినట్టు గాల్లో ఇలా బొటనవేలు నొక్కిపట్టాను. ఏడో అంతస్తు దగ్గర ఆగింది. మూడ్రోజులు వేలు తియ్యలేదు, మీ వదినే ముద్దలు కలిపి పెట్టింది. ఇప్పుడు నేను నిద్ర లేచానో లేదో కనుక్కునే మార్కెట్టు తెరుస్తున్నారు."

దర్జీకి నవ్వొచ్చింది, ఆశా పుట్టింది. ఆ ఆశ చూసుకునే భయపడ్డాడు. "అయితే అన్నా, మొత్తం పెట్టెయ్యమంటావా?"

"కళ్లు మూసుకుని పెట్టెయ్."

దర్జీ సంచిలోంచి కొలతల పుస్తకం తీశాడు. దుకాణం పోయినా అది మాత్రం వెంటే తిరుగుతోంది. కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి వెతికి చదివాడు.

"రిటైరైనప్పుడు నీ నడుము నలభై. మొదటిసారి పడ్డాక ప్యాంటు తెచ్చి ముప్ఫై ఎనిమిది చెయ్యమన్నావు. రెండోసారికి ముప్ఫై ఆరు. మొన్న ముప్ఫై మూడు. మార్కెట్టు మళ్లీ మళ్లీ లేచిందంటారు గానీ, వదులు చెయ్యమని నువ్వు ఒక్కసారీ రాలేదన్నా."

కొట్టాయన నవ్వబోయి, లిఫ్టాయన మొహం చూసి గ్లాసులు కడుక్కోసాగాడు. లిఫ్టాయన బెల్టు పైకి లాక్కున్నాడు.

"రెండేళ్ల తిండికి సరిపడా మాత్రం బ్యాంకులోంచి తియ్యకు తమ్ముడూ. అది ఉంటే పడ్డప్పుడు అమ్ముకోనక్కర్లేదు. నేను మూడుసార్లూ ఏడుస్తూ అమ్మాను."

దర్జీ పుస్తకం మూశాడు. "మరి మోకాలు?"

"అది నిజంగానే సలుపుతుంది."