మేత ఆపిన లంక

గోదావరి లంకలో పొగాకు కోసం దున్నుతున్న నేల పక్కన, మద్రాసులో పశుగ్రాసాల చదువు చదివొచ్చిన మేష్టారూ, ఆవులమంద కాసే పెద్దాయనా నిలబడ్డారు.

“ఇది మీ మేతబీడు కదండీ! ఎవరు దున్నిస్తున్నారు?”

“వేలంలో పాడుకున్నాయనండి. ఆనకట్ట కట్టాక బీళ్ళన్నీ వరిచేలైపోయి, మందకి ఈ లంకొక్కటే మిగిలింది. ఇదీ పోయింది.”

“సర్కారు వేలమెందుకు వేసింది?”

“నిరుటి నుంచీ ఇక్కడ పశువే కనబడలేదంటండి. ఎవరికీ అక్కర్లేని నేల అని కలెక్టరు దొరగారు రాసుకుపోయారు.”

గడ్డి కోలుకునేదాకా మందని తోలొద్దని నిరుడు ఊరందరికీ పాఠం చెప్పింది మేష్టారే.

“గడ్డి కోసమే ఆపామని దొరగారితో నేను చెబుతాను.”

“మేమూ చెప్పామండి. మోకాలెత్తు పెరిగింది, వచ్చి చూడమన్నాం. వచ్చి చూశారు. నేల ఇంత బలంగా ఉందా అని పాట ఇంకా పెంచారు.”