ఎత్తుకునే గొంతు

...కేబుల్ పెట్టె తీసేస్తే అబద్ధం కూడా దాంతోపాటే సంచిలో పడుతుంది కదా, అనుకుంటూనే ఉన్నాడు ముత్తయ్య, దేవవ్వ ఇంటి ముందు చెప్పులు విడుస్తూ. చెన్నూరులో ఇరవై రెండేళ్లుగా కేబుల్ నడుపుతున్న మనిషికి ఒక కనెక్షన్ పీకడం రెండు నిమిషాల పని. అయిదేళ్ల కింద బతుకమ్మ నాడు దేవవ్వ పాట ఎత్తుకుంటుంటే తానే కెమెరాతో తీశాడు, తన లోకల్ చానల్లో వేశాడు, మరుసటి ఏడు తానే తుడిచేశాడు. తర్వాత అది మళ్లీ వెయ్యమని ఆమె అడిగినప్పుడల్లా ‘ఏస్తక్కా’ అన్నాడు. పెట్టె లేని ఇంట్లో ఇక ఎవరు అడుగుతారు? లోపలి నుంచి కోడలు వినోద పిలిచింది.

“రా కాకా, లోపటికి రా. నువ్వే అచ్చినవా? ఎవల్నన్న తోలిస్తె అయిపోవు గదా.”

“నేనే అచ్చిన బిడ్డా. గీ బజార్ల మొదటి కనెక్షన్ మీదే. మీ ఆయన సాగర్ ఫోన్ చేసిండు, పెట్టె తీస్కపొమ్మని.”

“అవు. కొత్త టీవీకి వైఫైతోనే అన్ని అస్తున్నయి. సినిమాలు, సీరియళ్లు, క్రికెట్... ఫోన్ బిల్లుల్నే అన్ని కలిసినయట. రెండు రెండు ఎందుకని ఆయనంటడు. నువ్వేమనుకోకు కాకా.”

“అనుకునుడేంది? అందరు గంతే చేస్తుండ్రు. మా ఇంట్లనే కేబుల్ సూస్తలేరు.”

“నిజమా?”

“మా బిడ్డ బాలలక్ష్మి ఫోన్ల సూస్తది. హోటల్ నడిపెటోని బిడ్డ పక్క హోటల్ల ఇడ్లీ తిన్నట్టు.”

“నీ చానల్ల బర్రె తప్పిపోయిందని అస్తుండె, పుట్టినరోజు ఫొటోలు అస్తుండె. గవి మాత్రం గిందుట్ల రావు కాకా.”

“బర్రెలే లేవు బిడ్డా ఊర్ల. తప్పిపోను ఏమున్నయి?”

“అత్తమ్మా! ముత్తయ్య కాక అచ్చిండు.”

“ఎరికె. బండి సప్పుడు ఇన్న.”

“ఇనవడ్డదా కాకా? జర దగ్గర కూసోవాలె అత్తమ్మతోని. ఆపరేషనైన కాడికెల్లి గొంతు గంతే, గుసగుస.”

“ఇనవడ్డది బిడ్డా.”

“కూసో తమ్మీ. వినోదా, చాయ పెట్టు.”

“అద్దక్కా, ఇప్పుడే తాగి...”

“పెట్టు.”

“పెడుత గని అత్తమ్మా, ముందుగాల్ల కాకకు గీ రిమోటు సూపిస్త. కాకా, సూడు. గీ మైకు బొమ్మ ఒత్తిపట్టి ఏం గావాల్నో నోటితోని చెప్పుడే. నంబర్లు ఒత్తే పనే లేదు. బతుకమ్మ పాటలు! ...సూసినవా, ఎన్ని అచ్చినయో? కిందికి పోతనే ఉంటయి, ఒడువయి.”

“మంచిగుంది.”

“అత్తమ్మా, నువ్వు చెప్పు ఒకపాలి. అద్దనకు, కాక సూస్తడు. గట్టిగ ఒత్తు. ఆ... ఇప్పుడు చెప్పు.”

“బతుకమ్మ పాటలు.”

“‘మళ్లీ చెప్పండి’ అంటుంది. నోటి కాడ పెట్టుకొని అను.”

“బతుకమ్మ... పాటలు.”

“మల్ల గదే. మా మూడేండ్ల పిల్ల వచ్చీరాని మాటలతోని చెప్పినా ఇంటది కాకా ఇది. అత్తమ్మదే దానికి తెలుస్తలేదు. ఫికర్ జెయ్యకు అత్తమ్మా, నీకేం గావాల్నో నాకు చెప్పు, నేనంట దానికి.”

“నాకేమద్దు తియ్యి.”

“అలిగింది. కాకా, నువ్వు నీ పని కానియ్యి. నేను పొయి మీద చాయ పెట్టి, పిల్లను అంగన్‌వాడికెల్లి తోలుకస్త. ఇట్లపోయి అట్లస్త.”

“పోయిరా బిడ్డా.”

“...పోయిందా?”

“పోయిందక్కా.”

“మంచి పిల్ల. నా మాటలు అందరికి అదే చెప్తది. దుకాన్ల, దవఖాన్ల. నేను పెదవులు కదిలిస్తె సాలు, అది మాట్లాడుతది.”

“మంచిదే గదక్కా.”

“మంచిదే. వైరు టీవీ ఎనుక ఉన్నది.”

“ఎరికేనక్కా. నేను గుంజిన వైరే గదా.”

“తీస్తున్నవా?”

“తీస్తున్న. పిన్ను తుప్పువట్టింది, తిరుగుతలేదు.”

“తొందరేమున్నది?”

“తొందరేం లేదు.”

“ఇగ నెలకోపాలి రావు నువ్వు.”

“ఎందుకు రానక్కా? బజార్ల కలుస్తం గదా.”

“బజార్ల ఏం మాట్లాడుతం? బాగున్నవా అంటె బాగున్న.”

“అంతే గదక్కా, ఎవలైనా.”

“ముత్తయ్యా.”

“ఆ.”

“ఎప్పుడేస్తవు మరి?”

“ఏందక్కా?”

“ఏందని అడుగుతున్నవా?”

“ఏస్తక్కా. ఏస్త.”

“ఏడ ఏస్తవు? పెట్టె సంచిల ఏసుకుంటివి.”

“సాగర్ ఫోన్లకు పంపిస్త. లేకపోతే పెన్‌డ్రైవుల ఏసిస్త. గీ కొత్త టీవీకి ఎనుక పెడితె సాలు, అస్తది. ఇంకా మంచిగ అస్తది.”

“ఎన్నడు?”

“హార్డ్‌డిస్కు దుకాన్ల ఉన్నది. తియ్యాలె. పైన అటకమీద... పాతయన్ని దాండ్లనే... దుమ్ము వట్టి...”

“తమ్మీ, ఇటు సూడు.”

“వైరు వస్తలేదక్కా, ఒక్క నిమిషం.”

“వైరు ఎప్పుడో ఊడింది. నీ చేతుల్నే ఉన్నది. ఇటు సూడు.”

“తుప్పు రాలుతుందక్కా, తుడుస్తున్న.”

“సూడు.”

“అది లేదక్కా.”

“ఊ.”

“లేదు. నేనే తుడిచిన. ప్రతి యేడు గంతే చేస్త. ఎంగిలిపూల నాడు, బతుకమ్మ మొదటి దినం, పొద్దుగాల కూసోని పోయినేడుయి అన్ని తుడుస్త. జాగ సాలది. తొమ్మిది దినాలు, పదకొండు వాడలు, కొత్తయి తియ్యాలె గదా. పోయినేడుది ఎవరడుగుతరు? ఎన్నేండ్లల్ల ఒక్కలు అడగలే. పొద్దుగాల తుడిచిన. మాపటికి నువ్వు...”

“మాపటికి నేను పాడలే.”

“అవు. బతుకమ్మలు నడుమ పెట్టి అందరు నీ దిక్కే సూసిండ్రు, ఎత్తుకుంటవని. నువ్వు నోరు తెరిచినవు.”

“గాలే అచ్చింది.”

“నీ పక్కనున్న శంకరవ్వ ఎత్తుకున్నది. నువ్వు పక్కకచ్చి నా కెమెరా కాడ నిలవడి, ‘తమ్మీ, పోయినేడుది మల్ల ఎప్పుడేస్తవు’ అన్నవు. నేనేమనాలక్కా? పొద్దుగాల్నే తుడిచిన అనాల్నా? నోట్లెకెల్లి ‘ఏస్త’ అని అచ్చింది. ఒక్కపాలి అచ్చినంక...”

“ఎన్కకు పోదు.”

“పోలే. నాలుగేండ్లు. ఎంతమందిని అడిగిన్నో నీకు తెల్వది. ఎవల ఫోన్లన్న ఉంటదేమో అని వాడకట్టంత తిరిగిన. ఎవల బతుకమ్మ ఆళ్లు తీసుకున్నరు, ఎవల మొకాలు ఆళ్లు తీసుకున్నరు. సక్కుబాయి బిడ్డ ఫోన్ల ఒక మూలకు నీ కొంగు కనవడ్డది. నువ్వు పాడుతున్నవు గని, పక్క వాడ డీజే సప్పుడు తప్ప ఏం ఇనవడలే.”

“ముత్తయ్య తీస్తుండు గదా అనుకున్నరు అందరు.”

“అవక్కా. నేనున్న గదా అనుకున్నరు.”

“నాకెరికె.”

“ఏంది?”

“తుడిచినవని. ఉంటె, గొంతు పోయినదాన్ని ఏండ్లకేండ్లు తిప్పుకుంటవా నువ్వు? గంత చెడ్డోనివి గాదు. పైంగ, ‘ఏస్త’ అన్నప్పుడల్ల గోడ గడియారం దిక్కు సూస్తవు. అది నడువక రెండేండ్లాయె.”

“ఎరికుండి... ఎరికుండి ఎందుకడిగినవక్కా, నెలనెల?”

“ఇంకెవలను అడగాలె? సాగర్ ‘గొంతుల గడ్డ నరాన్ని సుట్టుకున్నదని డాక్టరు చెప్పె గదా, పానం దక్కింది, ఇడిసిపెట్టవ్వా’ అంటడు. ఆని మాట తప్పా? తప్పు గాదు. వినోద నా పాట ఇననేలే, పెండ్లయి అచ్చేటాలకు గీ గొంతే. వాడకట్టోళ్లకు శంకరవ్వ దొరికింది. నాకొక పాట ఉండె అన్నట్టు మాట్లాడెటోనివి నువ్వొక్కనివే తమ్మీ. నువ్వు ‘ఏస్త’ అంటె, ఏడనో ఉన్నట్టే గదా? గా ఒక్క మాటకు పెట్టె ఉంచుకున్న. టీవీ ఎవలు సూసిండ్రు?”

“పెట్టె ఉంచుతక్కా. సాగర్‌తోని నేను మాట్లాడుత. పైసలద్దు, పుక్యానికే ఉంచుత.”

“ఉంచి? నీ చానల్ గూడ బందైతుందట గదా.”

“ఎవరు చెప్పిండ్రు?”

“ఎవలు చెప్పలే? ఊరంత అంటుంది.”

“దసరా దాకన్న నడుపుదామనుకున్న. అయితదో, కాదో. ఈయేడు బతుకమ్మ తీసినా సూసెటోళ్లు ఎవరున్నరు? ఎవల ఫోన్లు ఆళ్లకున్నయి.”

“పెట్టె తీస్కపో. తీస్కపోయే ముంగట ఒక్కటి చెప్పు.”

“అడుగక్కా.”

“ఆ దినం నువ్వు నా ముంగటే ఉన్నవు, కెమెరా పట్టుకొని. చెవులకు గవి పెట్టుకున్నవు. నా గొంతు నాకన్న నీకే మంచిగ ఇనవడ్డది. ఎట్లుండె?”

“మంచిగుండెనక్కా.”

“మంచిగ అని అందరంటరు. ఎట్లుండె?”

“నువ్వెత్తుకుంటె ఆడోళ్లందరు ముచ్చట్లు బంద్ చేసెటోళ్లు. చప్పట్లు ఒక్కతీరుగ పడేటియి. అవుతలి వాడకెల్లి గూడ నడిచొచ్చెటోళ్లు.”

“అది ఆళ్ల సంగతి. నా గొంతు? సన్నగుండెనా? బొంగురా? పైకి పోయినప్పుడు పగిలేదా? మా అవ్వ అనేది, నీ గొంతు పైన జర పగుల్తదే అని. పగిలిందా ఆ దినం?”

“అక్కా... బ్యాటరీ అయిపోతుందని దాని దిక్కే సూస్తున్న నేను. లైటు కింద పురుగులు ముసిరినయి. నీ పక్కన శంకరవ్వ, ఎర్రంచు చీరె. ఎవలో పోరి అడ్డమచ్చింది, జరుగు అన్న. తంగేడుపూలు సగం వాడిపోయినయి. అన్ని కండ్లల్ల ఉన్నయి. నీ నోరు కదులుడు గూడ ఉన్నది. గొంతు... ఎంత గుర్తుచేసుకున్నా అస్తలేదక్కా. బండి మీద పోతుంటె యాదిచేస్త, పండుకొని యాదిచేస్త. రాదు.”

“అట్లనా?”

“నన్ను తిట్టు. ఇంత తిట్టు.”

“ఎందుకు తిట్టుడు? నాకు గూడ గంతే.”

“ఏంది గంతే?”

“నాకు గూడ గుర్తుకస్తలేదు తమ్మీ. మొదట్ల కలల పాడేదాన్ని. ఇప్పుడు కలల గూడ గిట్లనే, గుసగుస. నీకన్న ఉంటదనుకున్న.”

“అక్కా...”

“నువ్వేడుస్తె నేనేం జెయ్యాలె? నాకు ఊకుంచే గొంతు గూడ లేదు.”

“ఏడుస్తలేనక్కా. దుమ్ము, టీవీ ఎనుక.”

“చాయ పొంగుతుంది.”

“బంద్ చేసచ్చిన. సగం పొయి మీదనే పోయింది.”

“పోనీ. పాట గుర్తున్నదా?”

“పాటనా?”

“గొంతు సంగతి ఇడువు. నేను ఎత్తుకున్న పాట. రాగం.”

“రాగం ఎవలికి రాదక్కా? ఇరవై రెండేండ్లు ఇన్న.”

“ఎత్తుకో.”

“నేనా?”

“నువ్వే. నేను ఎనుకకెల్లి అంట. ఎనుకకెల్లి అనుడు ఎన్నడు చెయ్యలే నేను. పదారేండ్ల పిల్లగున్న కాడికెల్లి ముంగటనే నిలవడ్డ. ఎనుక అననీకె గింత గొంతు సాలదా?”

“మొగోన్ని అక్కా. బతుకమ్మ పాట... ఎవలన్న ఇంటె నవ్వుతరు.”

“ఎవలింటరు? గా రిమోటు గూడ ఇంటలేదు.”

“నాకు రాదు. నిజంగ రాదక్కా.”

“నాలుగేండ్లు ‘ఏస్త’ అన్నవు.”

ముత్తయ్య చేతిలోని వైరు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. మొదట గాలి మాత్రమే వచ్చింది.

“ఉయ్యాలో...”

“...యాలో.”

“తప్పిందా అక్కా?”

“తప్పింది. ఆగకు, పో.”

“ఉయ్యాలో...”

“...ఉయ్యాలో.”

“అత్తమ్మా! గేటు కాడికి ఇనవడుతుంది పాట! నీ మాట ఇన్నదా టీవీ? ఏసిందా?”

“టీవీ గాదు పిల్లా. ముత్తయ్య ఏసిండు.”