తొమ్మిది జానల అర్జీ

కుమ్మరి తవిటయ్యకి ముప్పై ఏళ్లు దాటినాక సదువు మీద మనసు పుట్టినాదంట. పుడితే తప్పేటి, పుట్టనీండి. పొద్దున్నంతా సారె తిప్పడం, సాయంకాలం బళ్లో పిల్లకాయల పక్కన మఠమేసుకుని అచ్చరాలు దిద్దడం. అలాగ నాలుగేళ్లు దిద్దినాడు. ఆ బళ్లో పంతులుగోరికి ఓ పద్ధతుంది, ఇది మనసులో ఎట్టుకోండి. ఎవుడేటి రాసి తెచ్చినా ఆయన ముందు సదవడు, కాయితం మీద జానేసి కొలుస్తాడు. రెండు జానలుంటే బద్ధకస్తుడివిరా అంటాడు, ఐదు జానలుంటే బాగుపడతావురా అంటాడు. ఒక మాట అన్నావంటే దానికి పది దాఖలాలు సూపించాలిరా అనీవోడంట. ఏ పది అన్నది మట్టుకు ఎప్పుడూ సెప్పనేదు. ఆయనకి తెలిస్తే గదా సెప్పడానికి. తవిటయ్య ఏడు జానలు రాసి సెబాసనిపించుకున్నాడు, అప్పట్నుంచీ వీధిలో ఆడి నడకే మారిపోనాది. ఎదురొచ్చినోడు ఎవుడైనా బాగున్నావా అంటే, ఈడు బాగున్నాడని ఒప్పుకోడానికి పది కారణాలు సెప్పీవోడనుకోండి.

అలాగుండగా ఏటైందంటే, దొరగోరి గుర్రం నీళ్లకని సెరువులో దిగి, కుమ్మరోళ్లు మట్టి తవ్విన గుంటలో పడి కాలిరగ్గొట్టుకున్నాది. దొరకి కోపమొచ్చినాది. సెరువులో ఎవుడూ గునపం ఏయకూడదని దండోరా ఏయించీసినాడు. కుమ్మరోడికి మట్టి నేకపోతే ఇంకేటుంది సెప్పండి. పాపం, ఏడాది పొడుగూ రెండు కోసుల దూరం ఎల్లి, పక్కూరి సెరువులోంచి కావిళ్లతో మోసుకున్నారు. ఇప్పుడేమో ఆ ఊరోళ్లు కర్రలట్టుకుని తరిమీసినారు. ఇరవై ఇళ్లల్లో సారెలు ఆగిపోనాయి, పొయ్యిల మీద గంజి పలసబడిపోనాది. అప్పుడు పెద్దలంతా కూకుని, దొరకి అర్జీ ఎట్టుకుందాం, రాయడానికి మన తవిటయ్య ఉండనే ఉన్నాడు గదా అన్నారు.

తవిటయ్య పెళ్లాం ఎర్రమ్మ. అచ్చరం ముక్క రాదు, మట్టి మట్టుకు కాలేసి తొక్కితే ఏ సెరువుదో సెప్పీగలదు. ఆవిడన్నాదంట, ఇదిగో, మనం మట్టి తీస్తే సెరువు లోతవుతాది, తియ్యడం మానేస్తే ఒండు పేరుకుని పూడిపోతాది, ఈ యేడు దొరగోరి దిగువ మడి ఎండిపోయింది అందుకే, ఆ మాట రాయి అని. తవిటయ్య నవ్వినాడు. ఒండు గురించి, బురద గురించి దొర ముందు సదవమంటావా, రాతన్నాక గొప్ప సంగతులుండాల అన్నాడు. సరే, పెళ్లాం మాట తీసీడం ఎందుకని, సోటు మిగిల్తే సివర్న ఎడతానన్నాడు. మూడ్రోజులు రాసినాడు. దొరగోరి ముత్తాత ఎలాంటోడు, కుమ్మరి కులం ఎలాగ పుట్టినాది, తాత పనితనం ఏటి, బామ్మర్ది కాలెలాగ ఇరిగింది, అన్నీ ఏసీసి, ఎర్రమ్మ మాట అట్టడుగున ఎట్టినాడు. పక్కూరోళ్లు తరిమీసిన సంగతి మట్టుకు రాయనేదు, అది పరువు తక్కువంట. కొలిస్తే తొమ్మిది జానలొచ్చినాది. పంతులుగోరు సూసి కళ్లనీళ్లెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ దొరగోరి పద్ధతి కూడా సెప్పాలి మీకు. కచేరీలో కూకుని ఒక అర్జీకి ఒక తాంబూలం ఏసుకుంటాడు. నమిలినంతసేపూ ఇంటాడు. తుపుక్కున ఊసినాడా, తీర్పే. ఆ పైన ఆ మనిషి నోరెత్తకూడదు. తవిటయ్య మొదలెట్టినాడు. ముత్తాత గొప్పలు అవుతుండగానే ఆకు సగం నలిగిపోనాది. తరవాత, తవరి తాతగోరి పెళ్లికి మా తాత నూరు కుండలు ఊరికే ఇచ్చినాడు అని సదివినాడు. దొర సెయ్యెత్తి ఆపి, మా చిన్నమ్మాయి పెళ్లి వైశాఖంలో ఉంది, తాత ఇచ్చాడు గదా, మనవడూ ఇస్తాడు అన్నాడు. తవిటయ్య ఆపకుండా ముందుకే సదివినాడు. మావోళ్లు ఎంత గట్టోళ్లంటే ఏడాది పాటు రెండు కోసుల నుంచి మట్టి మోసినారు అన్నాడు. మోయగలిగినప్పుడు ఇక్కడి మట్టి ఎందుకురా మీకు అన్నాడు దొర. మా బామ్మర్ది మట్టికోసం ఎల్లి గుంటలో పడి కాలిరగ్గొట్టుకున్నాడు బాబూ అన్నాడు. చూశావా, గుర్రానికే కాదు మనుషులకీ ప్రమాదమే, నేను ఆపించింది మీ మంచికే అని దొర తుపుక్కున ఊసీసినాడు.

తీర్పేటంటే, మట్టి నేదు, కుండలు నూరు. మట్టి నేకుండా కుండలెలాగ సేస్తామని అడగడానికి తవిటయ్యకి నోరు నేదు గదా. కాయితం ఇంకా రెండు జానలు మిగిలే ఉంది. ఇరవై ఇళ్ల జనం ఆడి ఎనకాల నిలబడున్నారు, ఒక్కడూ ఆడి మొహం సూడనేదు. ఆడికి ఆ కాయితంలోనే సుట్టుకుని సచ్చిపోవాలనిపించింది.

తరవాత అర్జీదారు ఎవరు అని బంట్రోతు కేకేసినాడు. ఎర్రమ్మ ముందుకొచ్చినాది. దొర కొత్త తాంబూలం నోట్లో ఏసుకుని, నీ కాయితమేదమ్మా అన్నాడు. కాయితం నేదు బాబూ, ఒక్క ముక్కే అన్నాదంట. "మేం మట్టి తీసిన ఏడల్లా తవరి దిగువ మడికి పుష్యం దాకా నీళ్లున్నాయి. తియ్యని ఈ యేడు ఒండు పేరుకుని సెరువు పూడిపోయి కార్తీకం ఎల్లకముందే అడుగు తేలిపోనాది. తవరి మడి పొట్ట మీదుండగానే, కంకి రాకముందే ఎండిపోనాది."

అంతే. దొర నమలడం ఆపీసినాడు. ఆ ఎండిన మడి గురించే రోజూ ఇంట్లో ఏగిపోతున్నాడు మరి. గుర్రం దిగే రేవు ఒదిలీసి మిగతా సెరువంతా తవ్వుకోండి అన్నాడు. అనీసినాక ఊసినాడు. నూరు కుండల మాట మట్టుకు ఎనక్కి తీసుకోనేదు. దొరలు మర్సిపోతారనుకుంటే మన పొరపాటే.

ఆ నూరు కుండలూ తవిటయ్యే సెయ్యాలని వీధంతా ఒక్క మాట మీద తీర్మానించినాది, ఒక్కడూ సెయ్యి కలపనేదు. పంతులుగోరొకసారి వచ్చి, అర్జీలో దాఖలాలు సాల్లేదురా అనీసి ఎల్లిపోనాడు. ఎనభయ్యో కుండ కాడ తవిటయ్య నడుం పట్టుకుని, ఎర్రీ, ఇంత మంచి మాట ఉంటే ముందే సెప్పాల గదా అన్నాడంట. ఆవిడ మట్టి తొక్కుతూనే, "సెప్పినాను. నువ్వు సివర్న రాసినావు" అన్నాదంట.

మీరు నవ్వుతున్నారు, నవ్వండి. ఆడోళ్లు మరీ గట్టిగా నవ్వుతున్నారు, ఆళ్లకి కారణముంది. మొగోళ్లారా, ఇంటికెల్లి అడగండి, మీకు నిన్న సెప్పిన మాట ఏ సివర్న పడేసినారో.