గొంతుకి రెండు కాపీలు

పడగ్గది. మంచం మీద లాప్‌టాప్, మైకు, విప్పిన అట్టపెట్టెలు, మూడు కొత్త డిస్కులు. తమ్ముడు వైర్లు తగిలిస్తున్నాడు. అక్క చూస్తోంది.

"ఇంత పెద్ద డిస్కెందుకక్కా? నీ మాటలన్నీ పోసినా ఇందులో ఓ మూలకి కూడా రావు."

"పెద్దదే ఉండనీ."

"షాపువాడు అంటగట్టాడా?"

"నేనే అడిగాను. ఇది లోపల చక్రం తిరిగేదా, తిరగనిదా?"

"తిరగనిది. చప్పుడుండదు. రికార్డింగ్ దీనిమీదే. ఆ నల్లవి రెండూ తిరిగేవి. మైకు దగ్గర పెడితే నీ మాట వెనకాల గుయ్యిమంటూ ఉంటుంది."

"మరి అవెందుకు కొనిపించావు?"

"దాచడానికి. రికార్డింగ్ అయ్యాక ఒకదాంట్లో ఓ కాపీ, రెండోదాంట్లో ఇంకో కాపీ. రెండోది మా ఇంట్లో పెడతాను."

"మీ ఇంట్లో దేనికి?"

"ఇక్కడ పైపు పగిలి నీళ్ళొచ్చాయనుకో. రెండూ ఒకచోటే ఉంటే రెండూ పోతాయిగా."

"సరే."

"అన్నిటికీ సరే అంటావేంటి? ఏమైనా అడుగు."

"ఎన్నేళ్ళుంటుంది?"

"ఏది?"

"డిస్కే."

"ఓ అయిదేళ్ళు నమ్మొచ్చు. ఆ తర్వాత కొత్తది కొని అందులోకి మార్చుకోవాలి."

"ఎవరు మారుస్తారు?"

"నేను మారుస్తాను."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. మర్చిపోతే నువ్వు ఊరుకుంటావా? తిట్టిపోయవూ!"

"దేంతో తిట్టనురా?"

"అంటే?"

"తీసేశాక దేంతో తిట్టను?"

"సారీ అక్కా. నోరు జారింది."

"సారీ ఎందుకు? ఆ వైరు సరిగ్గా దిగలేదు, చూడు."

"దిగింది. అది కాదు... కొంచెం వదిలి తీస్తామన్నారుగా డాక్టరుగారు?"

"ముందు అన్నారు. మొన్న మళ్ళీ చూసి, స్వరపేటిక మొత్తం తియ్యాల్సిందే అన్నారు. సోమవారం."

"మొత్తమా?"

"మొత్తం. మెడ దగ్గర కన్నం పెడతారు. ఊపిరి అందులోంచే."

"ఇంకొన్నాళ్ళు ఆగితే?"

"కాన్సర్ పాకుతుందిట. అడిగాను."

"అలా కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు చెప్తావేంటక్కా! నీకు ఏడుపు రావట్లేదూ?"

"రావట్లేదు. పొద్దున ఉల్లిపాయలు తరుగుతూ, వస్తుందేమోనని కాసేపు చూశాను. కళ్ళు మండాయి, అంతే. తెర మీద ఏదో అడుగుతోంది, చూడు."

"ఫార్మాట్. ఉన్నవన్నీ చెరిపెయ్యనా అంటోంది."

"కొత్తదిగా! ఏముందని చెరుపుతుంది?"

"ఏమీ లేదు. ఊరికే అడుగుతుంది. అవునను."

"నువ్వే నొక్కు."

"నొక్కాను. అల్మారా తలుపులు తీసిపెట్టు, బట్టలుంటే గది మోగదు. ఆ ఫ్యాను కూడా ఆపు. ఇంతకీ ఏం చదువుతావు? పుస్తకం తెచ్చుకున్నావా?"

"పుస్తకం కాదు. మామూలు మాటలు."

"మామూలు మాటలంటే?"

"అన్నం తిన్నావా. వానలో తడవకు, లోపలికి రా. మెల్లిగా పరిగెత్తు, పడతావు. అలాంటివి."

"మెల్లిగా పరిగెత్తడమా? బావ మంచం దిగడానికే అరగంట బద్ధకిస్తాడు!"

"బావకి కాదు. ఆయనకి చీటీ రాసిస్తే చదువుకుంటారు."

"నాకా మరి?"

"నీకు చదవడం రాదా?"

"అక్కా, సరిగ్గా చెప్పు. మనింట్లో చదవడం రానివాళ్ళు ఎవరున్నారు?"

"ఇంకా పుట్టలేదురా. నాలుగో నెల. ఊఁ, నొక్కు, మొదలుపెడతాను."